ఓదెలు ఎడమచెయ్యి

దుర్గం పోశం సారు ఏ గదిలోకి వచ్చినా కూర్చునే ముందు గోడను తట్టేవాడు. కుడిచేతిలోని కర్రతో రెండు దెబ్బలు కొట్టి, ఎడమ అరచెయ్యి గోడకు ఆనించి ఒక్క క్షణం నిలబడి, ఆ తర్వాతే కుర్చీలో కూర్చునేవాడు. బ్యాంకుకు వెళ్లినా ఇంతే, చుట్టాల పెళ్లికి ఫంక్షన్ హాలుకు వెళ్లినా ఇంతే. కొత్తవాళ్లు నవ్వుకునేవారు. ఆయన ముప్పై నాలుగేళ్లు బొగ్గుబావిలో పనిచేశాడు. అందులో ఇరవై ఏళ్లు సర్దారు, అంటే రోజూ అందరికంటే ముందు లోపలికి వెళ్లి, పైకప్పు పరీక్షించి, ఇక్కడ పని చేయొచ్చు అని చెప్పే మనిషి. అలాంటివాడికి ఏ కప్పునూ ఊరికే నమ్మే అలవాటు ఉండదని తెలిసినవాళ్లు మాత్రం నవ్వేవారు కాదు. రిటైరయ్యాక గోదావరి ఒడ్డున ఉన్న ఆ బొగ్గు పట్టణంలోనే, కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లకు పని నేర్పే శిక్షణ కేంద్రంలో పదకొండేళ్లుగా పాఠాలు చెబుతున్నాడు. ఆయనకు ఇంకో అలవాటు కూడా ఉంది. ఎవరు ఏది అడిగినా ఆ రోజు జవాబు చెప్పడు. "టోపీ ఉన్నదా నీకు?" అంటాడు. ఉందంటే, బావిలోకి దిగడానికి రేపు తెచ్చుకొమ్మంటాడు.

ప్రసూన ఆయనను తన ప్రశ్న అడిగింది ఒక గురువారం నాడు. ఆమె ఆ ఊరి క్వార్టర్లలోనే పుట్టింది. తండ్రి బావిలో కప్పుకు కర్ర దిమ్మెలు నిలబెట్టే పని చేసి రిటైరయ్యాడు. ఆమె హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివి, వర్చువల్ రియాలిటీ పాఠాలు తయారుచేసే ఒక చిన్న సంస్థలో చేరింది. తలకు బిగించుకునే నల్లటి అద్దాల పెట్టె ఒకటి, రెండు చేతుల్లో పట్టుకునే పిడులు రెండు, ఇదీ ఆమె సరంజామా. పెట్టుకుంటే చాలు, ఎదురుగా బావి నిలబడుతుంది. తల ఎటు తిప్పితే అటు బొగ్గు గోడలు కనిపిస్తాయి, ఎడమచేతి పిడి మీద బొటనవేలు ముందుకు నొక్కితే మనిషి ముందుకు నడుస్తాడు, తప్పు చేస్తే కప్పు కూలి మీద పడుతుంది. కేంద్రంలో అందరూ దాన్ని అద్దాలు అనేవారు. వాటిని సరిగ్గా తయారుచేయాలని ప్రసూన నాలుగు నెలలు పోశం సారు క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని, కుర్రాళ్లతో పాటు నోట్సు రాసుకుంది. ఆ రకంగా ఆమె కూడా ఆయన శిష్యురాలే.

అద్దాలకు మంచి పేరే వచ్చింది. కేంద్రానికి పెద్ద అధికారులు ఎవరొచ్చినా ముందు కప్పు కూలే దృశ్యం చూపించేవారు. కోటు వేసుకున్న పెద్దమనిషి అమ్మో అంటూ కుర్చీలోంచి లేచేవాడు, చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టేవారు, ఫోటో దిగేవారు, టీ తాగి వెళ్లిపోయేవారు. బండ మీద పడ్డాక టీ తాగిన మనుషులను ఆ ఊరు అంతకుముందు చూడలేదు. ఆ చప్పట్లు విని విని శిక్షణాధికారికి ఒక ఆలోచన వచ్చింది. కేంద్రం వెనకాల రేకుల షెడ్డులో ఒక నమూనా గ్యాలరీ ఉంది. బావిలో బొగ్గు తవ్వుకుంటూ పోయిన దారి ఎలా ఉంటుందో అలా సిమెంటుతో కట్టిన చీకటి దారి అది. పాతబడింది, వాన కురిస్తే కారుతుంది. "మొత్తం ముప్పై ఒక్క పాఠాలున్నయి కదమ్మా, అందులో ఏవేవి అద్దాలల్లకు మారుస్తరో సోమవారంకల్లా రాసియ్యి. మారినంక ఆ గ్యాలరీతోటి మనకేం పని? కూలగొట్టి ఏసీ హాలు కడదాం" అన్నాడు. అదే సోమవారం పొద్దున, శిక్షణలో ఉన్న పన్నెండు మంది కుర్రాళ్లు మొదటిసారి బావిలో పనికి దిగాలి.

ప్రసూన ముప్పై పాఠాలకు టిక్కులు పెట్టింది. ఒక్కటే కొట్టేసింది. పెట్టడమైతే పెట్టింది గానీ కాగితం చూస్తే ఆమెకే గుబులు పుట్టింది. సంతలో ఒకే సీసా పట్టుకుని కీళ్లనొప్పులకూ ఇదే, కామెర్లకూ ఇదే అని అరిచేవాడు గుర్తొచ్చాడు. కాగితం తీసుకుని పోశం సారు దగ్గరికి వెళ్లింది.

"సార్, ఏ పాఠం అద్దాలల్ల పెట్టాలె, ఏది పెట్టొద్దు? ముందే తెలుసుకునేది ఎట్ల?"

ఆయన కాగితం వంక చూడను కూడా చూడలేదు.

"టోపీ ఉన్నదా నీకు?"

"ఉన్నది సార్."

"రేపు మొదటి షిఫ్టుకు తెచ్చుకో. పర్మిషన్ నేను రాయిస్త. ఓదెలును గూడ రమ్మను."

ఓదెలు ఆ పన్నెండు మందిలో ఒకడు. ఇరవై నాలుగేళ్లవాడు, పెళ్లయి ఏడాది. బొగ్గుపొడికి తండ్రి ఊపిరితిత్తులు పాడై, ఇక పని చేయలేడని డాక్టర్లు తేల్చాక ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చింది. బొగ్గు ఊళ్లలో అది రివాజు. ఇంట్లో దగ్గే తండ్రిని వదిలి అదే దగ్గు పుట్టిన చోటికి కొడుకు వెళ్తాడు, తల్లి టిఫిన్ కట్టి ఇస్తుంది, ఎవరూ ఏమీ అనరు. ఓదెలు మాత్రం హుషారైనవాడు. అద్దాల్లో కప్పు పరీక్షించే పాఠంలో యాభైకి నలభై ఎనిమిది తెచ్చుకున్నాడు. అంతకు మించి ఎవరికీ రాలేదు. ప్రసూన సంస్థ అచ్చువేసిన రంగుల పుస్తకంలో అద్దాలు పెట్టుకుని నవ్వుతున్న కుర్రాడు అతనే. ప్రసూనకు అతనంటే సొంత తమ్ముడంత గర్వం. శుక్రవారం పొద్దున హాజరు వేసే మస్టరు దగ్గర ఇద్దరూ కలుసుకున్నప్పుడు, "అక్కా, ఇయ్యాల నీ పేరు నిలబెడత చూడు" అన్నాడు. ఆమె నవ్వింది. నలభై ఎనిమిది మార్కుల పాఠం తనది కదా అని లోపల్లోపల సంతోషించింది కూడా.

టోపీలకు లైట్లు బిగించుకుని, ముగ్గురూ ఏటవాలు దారిలో చాలాసేపు కిందికి నడిచారు. బావి లోపల ప్రసూన అనుకున్నంత నల్లగా లేదు. బొగ్గుధూళికి నిప్పంటుకోకుండా గోడల మీదా కప్పు మీదా తెల్లటి రాతిపొడి చల్లుతారు. ఎక్కడ చూసినా సున్నం కొట్టినట్టు ఒకే తెలుపు. పక్కనే బొగ్గు మోసుకుపోయే బెల్టు ఆగకుండా గడగడలాడుతోంది. మనిషి మాట వినాలంటే చెవి దగ్గర నోరు పెట్టాల్సిందే. ఒక మూల కప్పు బాగా కిందికి ఉంది, చెయ్యెత్తితే అందేంత. అక్కడిదాకా కప్పుకు ఇనుప బోల్టులు వరసగా బిగించి ఉన్నాయి. ఆ తర్వాత ఏ ఆసరా లేని ఖాళీ కప్పు. ఆ చోటి సర్దారు అడ్డంగా కట్టిన తాడును విప్పి, పోశం సారుకు తలూపి, పక్కకు జరిగాడు. అది చెడ్డ కప్పని ఆ ఇద్దరికీ ముందే తెలుసు. ఆ సంగతి ప్రసూనకు తర్వాత తెలిసింది.

"ఓదెలూ, ఈ కప్పు చూడు బిడ్డా. ఈ ఆఖరి బోల్టు కింద నిలబడు. చూసి, పోవచ్చో పోవద్దో చెప్పు" అన్నాడు సారు.

ఓదెలు కర్ర అందుకున్నాడు. తల ఎత్తి లైటు కప్పంతా తిప్పాడు. ప్రసూన తన పాఠంలో చెడిపోయిన కప్పు మీద వెంట్రుకంత సన్నటి పగులు గీసి పెట్టింది. అతను దాని కోసమే వెతుకుతున్నాడని ఆమెకు అర్థమైంది. తెల్లటి పొడి కింద పగులు ఎక్కడ కనబడుతుంది? ఆ తర్వాత కర్రతో మూడుసార్లు తట్టాడు. చెవి పెట్టి విన్నాడు. ఆమె ఆ శబ్దాన్ని ఏ సద్దూ లేని గదిలో రికార్డు చేసి, గట్టి కప్పు ఖంగుమనేలా, డొల్ల కప్పు బొదబొదమనేలా శుభ్రంగా అమర్చింది. ఇక్కడ బెల్టు మోతలో ఏదీ ఏమీ అనలేదు.

"గట్టిగున్నది సార్. పోవచ్చు" అని అరిచి, ఓదెలు ముందుకు ఒక అడుగు వేయబోయాడు.

వేయలేకపోయాడు. పోశం సారు చెయ్యి అప్పటికే అతని నడుం బెల్టును పట్టుకుని ఉంది. వెనక్కి ఒక్క గుంజు గుంజి, అతని చెవి దగ్గర నోరు పెట్టి అడిగాడు.

"నీ ఎడమచెయ్యి ఏది?"

ఓదెలు తన ఎడమచెయ్యి వంక చూసుకున్నాడు. మిగతావాళ్లూ అటే తిరగడంతో అన్ని టోపీల లైట్లూ ఆ చేతి మీద పడ్డాయి. అది రొమ్ము దగ్గర, గాలిలో, సగం ముడిచిన పిడికిలిలా ఉంది. అందులో ఏమీ లేదు. బొటనవేలు మాత్రం ముందుకు నొక్కుతూ ఉంది.

ఆ బొటనవేలు నొక్కుతున్నది ఏమిటో ప్రసూన గుర్తుపట్టింది. క్లాసులో సారు వందసార్లు చెప్పాడు, ఆమె నోట్సులో కూడా ఉంది. కుడిచేత్తో తట్టు, ఎడమ అరచెయ్యి పక్కనే కప్పుకు ఆనించు. మోతలో చెవి వినకపోయినా అరచెయ్యి వింటుంది. పాఠం తయారుచేసేటప్పుడు అద్దాల్లోని కప్పుకు అరచెయ్యి ఆనిస్తే ఏమీ తగలదు గనుక, ఆ ఎడమచేతికి నడిచే పని అప్పగించింది. ఇన్నాళ్లూ అద్దాల్లో ఓదెలు చెడ్డ కప్పు తట్టిన ప్రతిసారీ అతని ఎడమచెయ్యి నేర్చుకున్నది ఒక్కటే, ముందుకు పోవడం. అది నేర్పింది తనే. సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. సోమవారం పన్నెండు జతల చేతులు ఇలాగే దిగబోతున్నాయి.

"రా బిడ్డా, నువ్వు పెట్టు" అన్నాడు సారు ఆమెతో. బోల్టు కిందే నిలబెట్టి, ఆమె ఎడమ అరచేతిని తనే పట్టుకుని కప్పు అంచుకు ఆనించాడు. రాయి చల్లగా, కొంచెం తేమగా ఉంది. ఆయన పక్కన కర్రతో తట్టాడు. పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం గిన్నె మూత మీద చెయ్యి పెడితే అదిరినట్టు, అంత బరువైన కప్పు ఆమె చేతి కింద సన్నగా అదిరింది. చెవికి ఏమీ వినిపించలేదు. కంటికి ఏమీ కనిపించలేదు. ఆమె చెయ్యి లాక్కుంది. అది ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

అందరూ బాగా వెనక్కి వచ్చాక సర్దారు పొడవాటి ఇనుప గడ్డపార తెచ్చి, దూరం నుంచి, బోల్టుల కిందే నిలబడి, ఆ అంచును పొడిచాడు. రెండో పోటుకు అది ఊడింది. నులకమంచమంత బండ. ఓదెలు వేయబోయిన అడుగు ఎక్కడ పడేదో సరిగ్గా అక్కడ పడింది. తెల్లటి పొడి లేచి లైట్లన్నీ మసకబారాయి. బెల్టు మోత మాత్రం అలాగే సాగుతోంది, ఏమీ జరగనట్టు.

ఓదెలు గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. పోశం సారు పక్కనే గొంతుక్కూర్చుని, నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు.

"ఆ అద్దాలల్ల ఎన్నిపార్లు సచ్చినవ్ బిడ్డా?"

"నేర్సుకునేటప్పుడు... పదిహేడు పార్లు సార్."

"పదిహేడు పార్లూ లేసినవా?"

"లేసిన సార్."

సారు ఆ బండ వంక చూశాడు. ఓదెలు సీసాను రెండు చేతులతో పట్టుకుని తాగాడు. తాగుతూ ఏడ్చాడు. పెళ్లయినవాడు, ఉద్యోగస్తుడు, పుస్తకంలో ఫోటో పడ్డవాడు, అక్క ముందు పసిపిల్లవాడిలా ఏడ్చాడు.

ఆ సాయంత్రం ప్రసూన అద్దాలన్నిటినీ తుడిచి, పెట్టెల్లో సర్ది, తాళం వేసింది. శనివారం పొద్దున వాటిని ఆటోలో వేసుకుని బస్టాండుకు పోదామనే నిర్ణయించుకుంది. తెల్లారి, చెప్పి వెళ్లడం మర్యాద గనుక, పోశం సారు గదికి వచ్చింది. ఆయన గోడను తట్టి, చెయ్యి ఆనించి, కూర్చున్నాడు. ఆమె నిలబడే చెప్పింది.

"నాది తప్పయింది సార్. నేను ఈ పెట్టెలు వాపస్ తీస్కపోత. ఇగ మీ పద్ధతే మంచిది."

ఆయన చెయ్యి చాచాడు. మొన్న చూడని కాగితాన్ని ఇప్పుడు అడిగాడు. కళ్లజోడు పెట్టుకుని ముప్పై టిక్కులనూ ఒక్కొక్కటే చదివి, చివరికి వచ్చి ఆగాడు.

"ఇదొక్కటి ఎందుకు కొట్టేసినవ్?"

"అది పొగ పాఠం సార్. బావిల నిప్పంటుకున్నప్పుడు పొగలకెళ్లి బయటికొచ్చేది. నేను చేసిన గానీ... అండ్ల సూడనీకి ఏముండదు. అంతా బూడిదరంగే. మా ఆఫీసుల సూపిస్తే, ఇదేందీ తెర ఖరాబైందా అన్నరు. వచ్చినోళ్లకు సూపెట్టనీకి బాగుండదని తీసేసిన."

"సూడనీకి ఏముండదా?" అని సారు ఆ మాటనే మళ్లీ అన్నాడు. "తాళం తియ్యి" అన్నాడు.

పోశం సారు అప్పటిదాకా ఒక్కసారి కూడా అద్దాలు పెట్టుకోలేదు. ఆ పొగ పాఠం మిగతావాటి లాంటిది కాదు. దాన్ని మిక్స్‌డ్ రియాలిటీ అంటారు. అంటే అద్దాల్లోంచి ఎదురుగా ఉన్న చోటే కనిపిస్తుంది, దాని మీద లేనిదాన్ని తెచ్చి కలుపుతారు. ప్రసూన కలిపింది పొగ. చేతుల్లో పిడులు కూడా అక్కర్లేదు. అందుకని దాన్ని వెనక షెడ్డులోని నమూనా గ్యాలరీలోనే పెట్టుకుని నడవాలి. గ్యాలరీ ఎడమ గోడ వెంట నడుం ఎత్తున ఒక తాడు ఉంది, బావిలో ఉన్నట్టే. తాడుకు అక్కడక్కడ చెక్కతో చేసిన గరాటు లాంటి బిళ్లలు గుచ్చి ఉంటాయి. బయటికి వెళ్తుంటే చెయ్యి వాటి మీదుగా జారిపోతుంది, లోపలికి వెళ్తుంటే అడ్డం తగిలి ఆపుతుంది. కళ్లు పనిచేయనప్పుడు దారి చెప్పేది ఆ తాడే. పదకొండేళ్లుగా సారు ప్రతి జట్టునూ ఆ తాడు పట్టించి నడిపిస్తున్నాడు. పదకొండేళ్లుగా వాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ, నవ్వుకుంటూ నడుస్తున్నారు. కళ్లకు గుడ్డ కట్టినా అంతే, దాగుడుమూతలనుకునేవారు.

సారు అద్దాలు పెట్టుకున్నాడు. ఎడమచేత్తో తాడు పట్టుకున్నాడు. పదడుగులు మామూలుగానే నడిచాడు. ప్రసూన పక్కనే చేతిలోని తెర మీద ఆయనకు కనిపించేది చూస్తూ వస్తోంది. ముందు కప్పు దగ్గర పలచగా పొగ, తర్వాత భుజాల దాకా, తర్వాత గోడలు పోయాయి, సారు చెయ్యి ఆయనకే కనబడకుండా పోయింది. ఆయన నడక మారింది. మోకాళ్లు వంచాడు, తల దించాడు, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. అక్కడ నిజంగా పొగ లేదని ఆయనకు తెలుసు. తెలిసినా పెట్టుకున్నాడు. ముప్పై అడుగుల దగ్గర రెండు దారులు చీలతాయి. కుడివైపున రోజూ నడిచే దగ్గరి దారి. తాడు మాత్రం ఎడమ గోడ వెంటే దూరపు దారిలోకి వెళ్తుంది. ఆ కూడలిలో సారు ఆగిపోయాడు.

చాలాసేపు ఆగిపోయాడు. ప్రసూన పిలుద్దామనుకుని ఆయన చేతులు చూసి మానుకుంది. ఎడమచెయ్యి తాడును గట్టిగా పట్టుకుని ఉంది. తువ్వాలు కిందపడిపోయింది. కుడిచెయ్యి పక్కకు చాచి, దగ్గరి దారి వైపు, గాలిలో దేన్నో పట్టుకుని ఉంది. ఎవరో అటు గుంజుతున్నట్టు ఆ చెయ్యి బిగుసుకుంది. మెడ నరాలు తేలాయి. అప్పుడు ఆయన ఆ కుడిచేతిని వదలకుండా, బలమంతా పెట్టి తన వైపుకు లాక్కుని, తాడు వెంట నడిచాడు. ఒక బిళ్ల జారింది, ఇంకో బిళ్ల జారింది. గ్యాలరీ చివరిదాకా, బయట ఎండలోకి వచ్చేదాకా, ఆ ఖాళీ గుప్పిటను విప్పలేదు.

అద్దాలు తీసినప్పుడు ఆయన ముఖమంతా తడిగా ఉంది. షెడ్డు బయట ఉన్న రాయి మీద, ఏదీ తట్టకుండానే, కూర్చున్నాడు. ప్రసూన అది మొదటిసారి చూడటం.

"రాజేశం అని నా జోడీ ఉండె" అన్నాడు కాసేపటికి. "ఇరవై ఆరేండ్లయింది. బెల్టుకు నిప్పంటుకున్నది. చెయ్యి చెయ్యి పట్టుకుని వస్తున్నం. చీలే కాడ వాడు దగ్గరి తొవ్వ అన్నడు. రోజూ వచ్చే తొవ్వాయె. పొగ అటుకెళ్లే వస్తున్నది. నేను తాడు తొవ్వ అన్న. వాడు అటు గుంజిండు." ఆయన తన కుడి అరచేతిని చూసుకున్నాడు. "నేను ఇడిచిపెట్టిన."

ప్రసూనకు దుఃఖం వచ్చింది, దాన్ని ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"పదకొండేండ్ల సంది నోటితోటి చెప్తున్న, చీలే కాడ చెయ్యి ఇడువకుండ్రి అని. ఎవ్వనికీ తాకలే. బండ నేను సూపెడత, కింద కావలసినంత ఉన్నది. పొగను యాడికెళ్లి తేవాలె? అది ఒక్కపారే వస్తది, ఆలోచించనియ్యది." ఆయన అద్దాల పెట్టెను జాగ్రత్తగా ఆమె ఒళ్లో పెట్టాడు. "వాపస్ తీస్కపోకు. ఈ పోరగాండ్లకు మొదటిపారి కన్నా ముందు ఒకపారి ఉండనీయ్."

శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం చీకటి పడేదాకా ఆ పన్నెండు మంది కుర్రాళ్లు ఒక్కొక్క జోడీగా, ఒకరు తాడు పట్టుకుని, రెండోవాడు వాడి చెయ్యి పట్టుకుని, పొగలో నడిచారు. మొదటి జోడీ నవ్వుతూ లోపలికి వెళ్లింది. బయటికి వచ్చేటప్పుడు ఎవరూ నవ్వలేదు. ఇద్దరు మాత్రం చీలే దగ్గర విడిపోయారు. బయటికి వచ్చాక ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. సారు వాళ్లను మళ్లీ పంపాడు. మిగతా సమయమంతా అద్దాలు లేకుండా, పక్కనే ఒక పాత మోటారును మోత పెట్టి నడిపించి, ఉత్త కర్రలతో కప్పు తట్టించాడు. ఓదెలు పిడికిలి ముడుచుకుపోయిన ప్రతిసారీ ప్రసూన తనే వెళ్లి వేళ్లు విప్పి కప్పుకు ఆనించింది. ఆదివారం సాయంత్రానికి ఆ చెయ్యి తనంతట తానే పైకి లేవడం మొదలుపెట్టింది.

సోమవారం పొద్దున ఆమె శిక్షణాధికారికి కాగితం ఇచ్చింది. అందులో ముప్పై పాఠాలు కొట్టేసి ఉన్నాయి. మొన్న కొట్టేసిన ఒక్కటి మాత్రం ఉంది.

"ఒక్కటేనా?" అన్నాడాయన. "గింత ఖర్చు పెట్టించి ఒక్కటేనా? నేను పైవాళ్లకు ఏం చెప్పుకోవాలమ్మా?"

"ప్రస్తుతానికి ఒక్కటే సార్. దానికి ఆ గ్యాలరీ గూడ కావాలె. కూలగొట్టొద్దు. కారే రేకులు మార్పిస్తే చాలు."

ఆయన ముఖం ముడుచుకుని కాగితం ఫైల్లో పెట్టాడు. వద్దనలేదు. ఆమె సంస్థ ఏమంటుందో ఆమెకు తెలుసు. ఫోను అప్పటికే రెండుసార్లు మోగింది. ఆమె ఎత్తలేదు. పరుగులాంటి నడకతో బావి దగ్గరికి వచ్చింది.

మొదటి షిఫ్టు దిగుతోంది. పన్నెండు మందీ వరసలో ఉన్నారు, టోపీలు కొత్తగా మెరుస్తున్నాయి. పోశం సారు ఒక పక్కన కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నాడు. ఓదెలు వంతు వచ్చింది. అతను ప్రసూనను చూశాడు గానీ ఇవాళ ఏ మాటా అనలేదు. బావి ముఖం దగ్గర ఇటుకలతో కట్టిన కమాను కింద ఒక్క క్షణం ఆగి, ఎడమ అరచెయ్యి పూర్తిగా చాపి ఆ ఇటుకలకు ఆనించాడు. ఆ తర్వాత ముందువాడి వెనకే కిందికి నడిచాడు. అతని లైటు మలుపు దాకా కనిపించి, తర్వాత కనిపించలేదు.

ప్రసూన పోశం సారు పక్కకు వచ్చి నిలబడింది.

"సార్, ఒకటైతే తెలిసింది. రేపు వేరే బాయి వాళ్లు అడుగుతరు, వేరే పనోళ్లు అడుగుతరు. ఏది అద్దాలల్ల పెట్టాలె, ఏది పెట్టొద్దు అని అప్పుడు నేనెట్ల తేల్చాలె?"

ఈసారి ఆయన టోపీ సంగతి అడగలేదు. కుర్రాళ్లు దిగిన దారి వైపే చూస్తూ అన్నాడు.

"చేతికి దొరికేదానికి అద్దాలెందుకు? ముందుగాల దాని మీద ఎడమచెయ్యి పెట్టి సూడు బిడ్డా."